బిళ్ళ కింది చర్మం

మూడో అంతస్తు, వంటింటి కిటికీ పక్కన
జూన్ 9

అక్కా,

ముందు అసలు మాట రాసేస్తాను, లేకపోతే సిగ్గుతో ఈ కాగితాన్ని కూడా మడిచి దాచేస్తాను. నువ్వు పెద్దమ్మవి కాబోతున్నావు. రెండో నెల దాటింది.

ఫోన్లో ఎందుకు చెప్పలేదని తిట్టకు. ఫోన్లో నాకు "ఊఁ", "ఆఁ" తప్ప మాట రాదు. పైగా మా ఇంట్లో గది ఒకటి, వంటిల్లు ఒకటి. నేను గుసగుసలాడితే అత్తయ్య అవతలినుంచి "ఏమిటే, నన్నేనా తిడుతున్నావ్?" అంటుంది. ఉత్తరమైతే ఎవరి చెవినా పడదు. చక్కెర జబ్బు వచ్చి అయిదో తరగతిలో బడి మానేసినప్పుడు నువ్వే పక్కన కూర్చోబెట్టుకుని ఉత్తరం రాయడం నేర్పావు. ఆ ఒక్క విద్యే నాకు మిగిలింది.

మార్చిలో వంటింట్లో పడిపోయానని చెప్పాను కదా. ఇన్సులిన్ ఎక్కువై చక్కెర పడిపోతుంటే ఒకప్పుడు నాకు ముందే చెమటలు పట్టేవి, కాళ్ళు వణికేవి. ఇప్పుడేమీ తెలియడం లేదు. దీపం ఆర్పినట్టు ఆరిపోతున్నాను. అందుకని క్లినిక్కులో చేతికి ఒక బిళ్ళ అంటించారు. పెద్ద బొత్తామంత ఉంటుంది. దాని కింద వెంట్రుకంత తీగ చర్మంలోకి దిగి ఉంటుంది. నా చక్కెర ఎంతో అది నా ఫోనుకి చెబుతుంది, నా ఫోను ఆయన ఫోనుకి చెబుతుంది. పడిపోతుంటే రెండూ కూస్తాయి. పద్నాలుగు రోజులకోసారి పాతది పీకేసి కొత్తది అంటించుకోవాలి. కడుపుతో ఉన్నవాళ్ళలో ఇరవై మందికే ఇస్తున్నారట. నేను వద్దంటే వరసలో ఉన్న ఇంకొకామెకి వెళ్ళిపోతుంది.

ఆయన సంబరం చూడాలి. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, మీటరు కనిపిస్తే చాలు, ప్రాణం లేచొస్తుంది. లిఫ్టు గోతిలో దిగి కూడా జేబులోంచి ఫోను తీసి నా అంకె చూసుకుంటారట. తోటివాళ్ళు ఏడిపిస్తున్నారట: "మా ఆవిడ ఎంత వేడి మీదుందో మాకు ఇంటికెళ్తేగానీ తెలీదు, నీకు జేబులోనే తెలిసిపోతోంది కదరా!" అని.

ఒక్కటే ఇబ్బంది. బిళ్ళ కింద దురద. రెండోది పీకినప్పుడు దాని ఆకారంలోనే గుండ్రంగా ఎర్రగా కందింది. నర్సమ్మ "ఇబ్బందేమైనా ఉందా?" అని అడిగింది. "లేదండీ" అన్నాను. నా సంగతి నీకు తెలుసు, ఎవరేమడిగినా నోట్లోంచి ముందు అదే వస్తుంది. దురదకి ఏం రాయాలో చెప్పు.

నీ
పిచ్చుక


గోళ్ళ పార్లరు, వెనక గది
జూన్ 21

ఒసేయ్ పిచ్చుకా,

నీ ఉత్తరం పొద్దున చదివాను. రోజంతా కస్టమర్ల గోళ్ళకి జెల్ పూస్తూ నాలో నేనే నవ్వుకుంటూ ఉన్నాను. ఒకావిడ తనని చూసే నవ్వుతున్నాననుకుని మొహం ముడుచుకుంది. పోనీలే, ఒక కస్టమరు తగ్గినంత మాత్రాన ప్రపంచం మునిగిపోదు.

అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని. న్యాయంగా నాకు అమ్మమ్మ హోదా రావాలి. పెద్దమ్మతో సరిపెట్టావు. సరే, పుచ్చుకున్నాను.

దురద గురించి ఎక్కువ ఆలోచించకు. కొత్త చెప్పు కరిచినట్టే ఇదీ. నాలుగు రోజులు కరిచి ఊరుకుంటుంది. స్నానమయ్యాక కాస్త నూనె రాయి. క్లినిక్కులో మాత్రం చెప్పకు. చెబితే బిళ్ళ తీసుకుపోయి ఇంకొకరికిస్తారు. అప్పుడు నువ్వు మళ్ళీ పడిపోతే ఎవరు చూస్తారు? పైగా డాక్టర్లకి ఒకటి చెబితే పది అడుగుతారు. ఎక్కడ పనిచేశావు, ఏం ముట్టుకున్నావు అని పాత పురాణమంతా విప్పమంటారు. మనకెందుకొచ్చిన గోల.

మరిదిని అడిగానని చెప్పు. కాగితం మీద మరకలు చూసి కంగారుపడకు. టీ ఒలికింది.

అక్క


మూడో అంతస్తు
జూలై 8

అక్కా,

నూనె రాశాను. నూనె రాసిన చోట బిళ్ళ అంటుకోదని తర్వాత తెలిసింది. అందుకని మూడోది రెండో చేతికి పెట్టుకున్నాను. అది మొదటి రోజునుంచే మండింది. నాలుగో రోజుకి అంచుల చుట్టూ నీటిపొక్కులు లేచాయి. ఆ తర్వాత చితికి రసి కారడం మొదలైంది. పొడుగు చేతుల జాకెట్లు వేసుకుని తిరిగాను. ఆయన పక్కన పడుకున్నప్పుడు ఆ చెయ్యి గోడవైపుకి తిప్పుకునేదాన్ని. గోకకుండా ఉండడానికి పళ్ళు బిగపట్టి బిగపట్టి దవడలు నొప్పెట్టాయి.

ఆయన్ని దాటించాను గానీ అత్తయ్యని దాటించలేకపోయాను. ఆమె ఇరవై ఏళ్ళుగా ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తోంది. మరక చూసి మనిషి కథ చెబుతుంది. నా జాకెట్టు ఇస్త్రీ చేస్తూ చెయ్యి దగ్గర ఆగిపోయింది.

"ఇది కూర మరక కాదు, చెమట మరక కాదు. గుండ్రంగా, పసుపుపచ్చగా. ఏమిటిది?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేనిదానికి మరకెలా పడుతుందే? చెయ్యి చూపించు."

చూపించాను. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, మొహం తిప్పుకుని, ముక్కు చీదుకుంది. తర్వాత మామూలు గొంతుతోనే అంది: "ఈసారి బిళ్ళ నా చేతికి పెట్టు."

నాకు నవ్వొచ్చింది. "అది చెప్పాల్సింది నా చక్కెర కదత్తయ్యా!"

"నీ చక్కెర నువ్వు వేలు పొడుచుకుని చూసుకో, ఇన్నేళ్ళూ చూసుకోలేదా? నా భయం వాడి గురించి. ఆ అంకె కనిపించకపోయినా, నీ చెయ్యి కుళ్ళుతోందని తెలిసినా వాడి ధ్యాస ఇక్కడే ఉంటుంది. కాలు ఉండేది లిఫ్టు గోతి అంచు మీద. పుండ్లు మానేదాకా, పద్నాలుగు రోజులు. ఇస్త్రీ పెట్టె కాల్చీ కాల్చీ నాది గేదె తోలైంది. దీన్ని ఏ జిగురూ ఏమీ చెయ్యలేదు."

నిన్న కొత్తది ఆమె చేతికే అంటించాను. బిళ్ళకి నా ఫోను దగ్గరలో ఉండాలి, దూరమైతే మూగబోతుంది. అందుకని పనికి వెళ్ళేటప్పుడు నా ఫోను కూడా ఆమె సంచిలోనే వెళ్తోంది. ఆయనకి తెలియకుండా ఇద్దరం పొడుగు చేతులే వేసుకుంటున్నాం.

చేసింది తప్పా అక్కా? నాకు మాత్రం రెండు నెలల తర్వాత నిన్న మధ్యాహ్నం ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

పిచ్చుక


పార్లరు
జూలై 19

పిచ్చుకా,

చదివి నవ్వాను. నవ్వాక కాస్త భయమేసింది. ఫోను ఆవిడ సంచిలో ఉంటే నీకేమైనా అయినప్పుడు ఎవరిని పిలుస్తావు? పక్కింటివాళ్ళతో చెప్పి ఉంచు.

అయినా పద్నాలుగు రోజులే కదా. పుండు మానితే చాలు. మీ అత్తగారి లాంటి అత్తగారు వెతికినా దొరకదు, కళ్ళకద్దుకో.

చిన్న ఉత్తరమని అనుకోకు. చెయ్యి ఖాళీ లేదు.

అక్క


మూడో అంతస్తు
ఆగస్టు 6

అక్కా,

పద్నాలుగు రోజులు అయిపోయాయి. పుండ్లు మానాయి. మచ్చ మీద కొత్త చర్మం ఉల్లిపొరలా వచ్చింది. మళ్ళీ నా చేతికి బిళ్ళ పెట్టుకున్నాను, రెండు గంటలు కూడా ఆగలేకపోయాను. పీకేశాను. ఇంకొకటి తీసి అత్తయ్యకి పెట్టాను. ఇంకొక్క పద్నాలుగు రోజులు అనుకున్నాం. ఇది మూడోసారి.

మా ఇంట్లో ఇప్పుడు పెద్ద తమాషా. అత్తయ్య దుకాణంలో ఎవరో పెట్టిన జామ్ బన్ను తింది. అరగంటలో ఆయన మెసేజ్: "ఏం తిన్నావ్?" అత్తయ్యకి కంగారుతో చెమటలు. ఇంటికొచ్చి గోలగోల: "నా కడుపులో ఏం పడిందో నా కొడుక్కి ఊరవతలినుంచి తెలిసిపోతోంది! కన్నందుకు ఇదా!" అని. ఆ రోజునుంచి బన్ను మానేసింది. టీలో చక్కెర కూడా మానేసింది. జబ్బు నాది, పథ్యం ఆమెది. మొహం చేదుగా పెట్టుకుని తాగుతుంది. "నా మనవడు పుట్టాక మొదటి రోజు అయిదు చెంచాలు వేసుకుంటాను, ఎవడాపుతాడో చూస్తా" అంటుంది.

క్లినిక్కులో డాక్టరమ్మ ఫోనులో అంకెలు చూసి ఎంత మెచ్చుకుందో! "ఇంత బాగా అదుపులో ఉంచుకున్నవాళ్ళు నా దగ్గర ఇంకొకరు లేరు. ఇన్సులిన్ మోతాదు ఇలాగే ఉంచు, మార్చొద్దు" అంది. ఆయన పక్కనే ఉన్నారు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకున్నారు, రోడ్డు మీద. నేను తలెత్తలేదు.

అసలు మాట నీకే రాస్తున్నాను. నా వేలి మీటరులో ఈ మధ్య రెండుసార్లు మరీ తక్కువ చూపించింది, పొద్దున పూటే. ఒకసారి గిన్నె చేతిలోంచి జారిపోతే తెలిసింది. పొద్దున మోతాదు తగ్గించాలేమో. కానీ డాక్టరమ్మ చూసిన అంకెల్లో అవి లేవు. చెప్పాలంటే అంతా చెప్పాలి.

మొన్న మధ్యాహ్నం కడుపులో ఏదో కదిలింది. సబ్బునీళ్ళలో బుడగ పైకొచ్చి పగిలినట్టు. నేనొక్కదాన్నే ఉన్నాను. ఎవరికి చెప్పాలో తెలియక కిటికీకి చెప్పాను.

పిచ్చుక


మూడో అంతస్తు
ఆగస్టు 31

అక్కా,

నువ్వు బస్సెక్కి అయిదు రోజులైంది. ఆస్పత్రిలో రెండు రోజులు నా పక్కన కూర్చున్నావు. ఎలా పడ్డావని ఒక్క మాట అడగలేదు. అడగనందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పొద్దున అత్తయ్య పనికి వెళ్ళింది. చేతికి బిళ్ళ, సంచిలో నా ఫోను. నేను ఇన్సులిన్ పొడుచుకున్నాను. కాస్త తిన్నాను, వికారంగా ఉండి మిగతాది వదిలేశాను. వేలు పొడిచి చూసుకోలేదు. వేళ్ళన్నీ నొప్పిగా ఉన్నాయి, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. తడి దుప్పట్లు బకెట్టులో వేసుకుని డాబా మీదికి బయల్దేరాను. ఎనిమిదో మెట్టు దాకా గుర్తుంది. ఆ తర్వాత పక్కింటామె మొహం గుర్తుంది. ఆమె నా నోట్లో చక్కెర పోస్తోంది. నేను దుప్పట్లు తడిసిపోయాయని అంటున్నానట. అవి ముందునుంచీ తడివే.

ఆడపిల్లట. పడడం వల్లే పోయిందో, ఎలాగూ నిలిచేది కాదో చెప్పలేమన్నారు. ఎవరూ చెప్పలేని ఆ సంగతిని నేను రోజూ నన్ను అడుగుతూనే ఉన్నాను.

ఆయన వచ్చాక ఏడవలేదు. ఫోను తీసి చూసుకుంటూ కూర్చున్నారు. నేను పడిన సమయానికి అందులో నూటనాలుగు ఉంది, ఏ లోపమూ లేని అంకె. "నూటనాలుగు ఉన్న మనిషి ఎలా పడుతుంది?" అని డాక్టరుని అడిగారు, నర్సుని అడిగారు, ఊడ్చేవాళ్ళని కూడా అడిగారు. నా చేతికి బిళ్ళ లేకపోయేసరికి పడ్డప్పుడు ఊడిపోయిందనుకున్నారు. అత్తయ్య పక్కనే ఉంది. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, చెయ్యి ఒళ్ళో దాచుకుని. నా ఫోను ఆర్పేసి సంచి అడుగున పెట్టేసింది. నా వైపు చూడలేదు, నేనామె వైపు చూడలేదు.

ఇంటికొచ్చాక కూడా అదే ధ్యాస. ఆయన పనిలో ఒక సూత్రం ఉంది: మీటరు అబద్ధం చెప్పదు, చెప్పిందంటే బిగించినవాడు తప్పుగా బిగించాడు. అందుకని అంటించడం తప్పుగా నేర్పిన నర్సమ్మదే తప్పని తేల్చేశారు. వచ్చే వారం క్లినిక్కుకి వెళ్ళి పెద్ద డాక్టరు ముందు ఆమెను నిలబెడతారట. "ఉద్యోగం ఊడేదాకా వదలను" అన్నారు. ప్రతిసారీ "ఇబ్బందేమైనా ఉందా?" అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

చెప్పాలా అక్కా? చెబితే ఆయనకి తల్లి మిగలదు. చెప్పకపోతే ఆ నర్సమ్మ పోతుంది. నీకేది తోస్తే అది రాయి.

పిచ్చుక


పార్లరు
సెప్టెంబరు 5

పిచ్చుకా,

చెప్పు. ఎంత తొందరగా చెబితే అంత మంచిది. దాచిన మాట లోపల లోపలే కుళ్ళుతుంది. నాకు తెలుసు.

కింద రెండు వరుసలు రాసి కొట్టేశాను. వెలుతురుకి పట్టుకుని చదవడానికి చూడకు.

వేళకి తిను.

అక్క


మూడో అంతస్తు
సెప్టెంబరు 24

అక్కా,

నీ ఉత్తరం అందింది. వెలుతురుకి పట్టుకుని చూశాను. సిరా దట్టంగా కొట్టేశావు, ఏమీ కనిపించలేదు.

క్లినిక్కుకి ముగ్గురం వెళ్ళాం. దారంతా నోట్లో మాట కూర్చుకుంటూనే ఉన్నాను. లోపలికెళ్ళాక ఎప్పటిలాగే కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను. ఆయన పెద్ద డాక్టరు బల్ల మీద ఫోను పెట్టి, నర్సమ్మని చూపిస్తూ, "ఈవిడ అంటించడం సరిగ్గా నేర్పలేదు. నా బిడ్డని ఈవిడ చంపింది" అన్నారు. నర్సమ్మ పెదాలు పాలిపోయాయి. "నేను ప్రతిసారీ అడిగానండీ" అంది నన్ను చూస్తూ. "అడిగానా లేదా, నువ్వే చెప్పమ్మా."

నా నోట్లోంచి ఏం వచ్చేదో నాకు తెలియదు. ఈలోగా అత్తయ్య లేచింది.

"ఒరేయ్, ఆపరా. ఆవిడ సరిగ్గానే నేర్పింది. అంకె కూడా నిజమే. నూటనాలుగు నాది."

అని జాకెట్టు చెయ్యి పైకి మడిచి, ఊడిపోకుండా చుట్టుకున్న గుడ్డపట్టీ విప్పింది. బిళ్ళ ఇంకా అక్కడే ఉందక్కా. దాని గడువు అయిపోయి, పని ఆగిపోయి పది రోజులు దాటింది. అంచులు లేచి మురికి పట్టింది. ఎందుకు తీసెయ్యలేదని తర్వాత అడిగితే "తీస్తే అబద్ధం పూర్తయిపోతుందనిపించింది" అంది.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. తల్లి దగ్గరికి వెళ్ళి బిళ్ళ అంచు పట్టుకుని మెల్లిగా పీకారు. దాని కింద చర్మం నున్నగా ఉంది. ఒక్క మచ్చ లేదు. ఒక దద్దురు లేదు. కాసేపు దాన్నే చూశారు.

"నీ తోలు గట్టిదమ్మా" అన్నారు.

అంతే. ఆ రోజునుంచి ఆమెతో మాట్లాడడం లేదు. నాతో మాట్లాడతారు, ఎంత కావాలో అంత. నర్సమ్మకి మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టి వచ్చారు. నేను నా చేతుల మీది మచ్చలు చూపించాను. నర్సమ్మ వాటిని చూసి, తిట్టకుండా, "ఒక్క మాట చెప్పాల్సిందమ్మా. ఇలా కాకుండా చూసే దారులున్నాయి" అంది. ఆ మెత్తదనం నేను తట్టుకోలేకపోయాను.

ఆమే నన్ను చర్మం డాక్టరమ్మ దగ్గరికి పంపింది. ఆవిడ నా వీపు మీద గళ్ళు గళ్ళుగా ఏవో మందులు అంటించి రెండు రోజులు తడపొద్దంది. విప్పి చూస్తే అన్ని గళ్ళూ మామూలుగా ఉన్నాయి, వాటిలో కొన్ని మాత్రం ఎర్రగా పొంగాయి. అవన్నీ ఒకే జాతి జిగురులట. బిళ్ళలో ఒక రకం ఉంటుంది. దాని చుట్టాలు గోళ్ళకి పూసే జెల్లులో ఉంటాయట.

"ముందెప్పుడైనా గోళ్ళ పని చేశావా? జాగ్రత్తగా గుర్తు తెచ్చుకుని చెప్పు" అంది.

"లేదండీ" అన్నాను.

ఇది సిగ్గుతో అన్నది కాదక్కా. తెలిసే అన్నాను. పెళ్ళికి ముందు రెండేళ్ళు నీ పక్క కుర్చీలో కూర్చుని చేసింది ఆ పనే. ఆ మాట గొంతు దాకా వచ్చింది. నీ మొహం గుర్తొచ్చింది, ఆగిపోయింది.

ఆస్పత్రిలో రెండు రోజులూ నువ్వు చేతులు శాలువాలోంచి బయటికి తియ్యలేదు. నాకు నీళ్ళు తాగించినప్పుడు కూడా గ్లాసుని శాలువాతోనే పట్టుకున్నావు. ఒకప్పుడు ముత్యాల్లాంటి నీ అక్షరాలు ఇప్పుడు ఎగుడుదిగుడుగా ఉంటున్నాయి.

ఒక్కటే అడుగుతాను. నీ కాగితాల మీదివి టీ మరకలేనా?

పిచ్చుక


వెనక గది
అక్టోబరు 9

పిచ్చుకా,

టీ మరకలు కాదు.

నా వేళ్ళ కొసలు పగిలి రెండేళ్ళయింది. కలం పట్టుకుంటే విచ్చుకుంటాయి. పార్లరు తలుపుకి వేలిముద్ర పెట్టాలి. నా వేలిని అది గుర్తుపట్టడం లేదు, గీతలు అరిగిపోయాయి. ఎవరో తలుపు తీస్తే వెళ్తున్నాను.

నీకు పదహారేళ్ళప్పుడు నా దగ్గర పనికి కూర్చున్నావు. మొదటి రోజు గ్లౌజులు తొడుక్కున్నావు. నీ చేతిలోంచి బ్రష్షు జారింది, కస్టమరు విసుక్కుంది. నేనేమన్నానో నీకు గుర్తుందో లేదో. నాకు గుర్తుంది. "ఆ తొడుగులు తీసెయ్. గోరు పట్టు తెలియాలంటే చర్మానికి చర్మం తగలాలి" అన్నాను. గొప్ప పనిమంతురాల్లాగా. తర్వాత నీ వేళ్ళు దురద పెడితే అంట్ల సబ్బు పడలేదన్నాను. అప్పటికి నాకు నిజంగానే తెలియదు.

నిరుడు తెలిసింది. మా పార్లర్లో పెద్దామె ఒకామె ఉండేది. చేతులు పుండ్లు పడి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. ఈ జెల్ ఒకసారి పడకపోతే ఇక బతికినన్నాళ్ళూ పడదట. చర్మం మరిచిపోదట. చక్కెర జబ్బువాళ్ళు పెట్టుకునే బిళ్ళ కూడా పడకపోవచ్చని ఆమెకి చెప్పారు. ఆమె అందరి ముందూ చెప్పింది. నేను జెల్ పూస్తూ విన్నాను. విని నీ గురించి ఆలోచించలేదు, నీకింకా బిళ్ళ లేదు కదా.

జూన్‌లో నీ ఉత్తరం వచ్చింది. "గుండ్రంగా ఎర్రగా కందింది" అని చదవగానే నాకు తెలిసిపోయింది. అనుమానం కాదు. తెలిసింది. తెలిసే నూనె రాయమన్నాను. తెలిసే క్లినిక్కులో చెప్పొద్దన్నాను. చెబితే నువ్వు ఎక్కడ పనిచేశావని అడుగుతారు, ఎవరు గ్లౌజులు తీయించారని అడుగుతారు, చివరికి నువ్వు నావైపు చూస్తావు. నీ చూపుకి భయపడ్డానే. నిన్ను పెంచాను, నిన్ను నేనే పాడుచేశానని ఎలా రాయను? ఇదీ నేను కొట్టేసిన రెండు వరుసలు.

జూన్‌లోనే రాసి ఉంటే జూన్‌లోనే ఆ చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేదానివి. మీ అత్తగారు చెయ్యి చాపక్కర్లేకపోయేది.

వెంటనే వెళ్ళి ఆవిడతో నిజం చెప్పు. నా పేరు కూడా చెప్పు. దంతాలకి పూసే మందుల్లో కూడా ఈ జిగురు చుట్టాలు ఉంటాయని ఆ పెద్దామె అంది. డాక్టర్లకి తెలియాలి. నాకోసం ఇంకొక్క "లేదండీ" అనకు.

క్షమించమని రాయను. రాస్తే నువ్వు క్షమించేస్తావు, నీకు అదొక్కటే వచ్చు.

అక్క


మూడో అంతస్తు
నవంబరు 20

అక్కా,

నెలన్నర జవాబు రాయలేదు. మొదటి వారం కోపంతో రాయలేదు. తర్వాత ఏం రాయాలో తెలియక రాయలేదు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. తలుపు దగ్గరే నిలబడి, కూర్చోకముందే, "చేశానండీ, రెండేళ్ళు, ఉత్త చేతులతో" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ అంతా రాసుకుని ఒక కార్డు ఇచ్చింది, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా చూపించమని. వేరే తయారీవాళ్ళ బిళ్ళ ఒకటి తెప్పించి, దాని జిగురు ముందు వీపు మీద వేసి చూశారు. చర్మం ఎర్రబడలేదు. ఇప్పుడది నా చేతికి ఉంది, పదకొండు రోజులైంది. దురద లేదు. అంత సులువు, అక్కా. అయిదు నెలల క్రితం కూడా ఇంతే సులువుగా ఉండేది. ఆ మాట తలుచుకోకుండా ఈ బిళ్ళ వైపు చూడలేకపోతున్నాను.

ఆయన ఫోనులో మళ్ళీ నా అంకె ఉంది. కానీ ఆయన దాన్ని నమ్మడం మానేశారు. మధ్యాహ్నం పనిలోంచి ఫోను చేసి, "పలుకు" అంటారు. "నూటపది ఉంది కదండీ" అంటాను. "అంకె సంగతి కాదు. నువ్వు పలుకు" అంటారు. ఏం పలకాలో తెలియక కిటికీలోంచి కనిపించేవి చెబుతాను. ఎదురు డాబా మీద ఎవరివో బట్టలు, పిట్టగోడ మీద పిల్లి. ఆయన వింటారు. వెనక లిఫ్టు గోతిలో గాలి మోత వినిపిస్తుంది. నేను ఫోన్లో ఇంత మాట్లాడతానని నువ్వు నమ్మవు.

తల్లితో ఇంకా మాట్లాడడం లేదు. అత్తయ్య టీలో ఇప్పటికీ చక్కెర వేసుకోవడం లేదు. "ఇంకెవరి కోసం అత్తయ్యా?" అన్నాను ఒకరోజు. తన గ్లాసు కడిగి బోర్లించింది. మొన్న ఆదివారం ఆయనే టీ పెట్టి, ఆమె గ్లాసులో రెండు చెంచాలు వేసి, కలిపి, మాట మాత్రం లేకుండా ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయారు. అత్తయ్య ఒక్క గుక్క తాగింది. మిగతాది చల్లారేదాకా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఇక నీ సంగతి. కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. పొద్దున లేచేసరికి ఉంటుంది, దుప్పట్లు ఉతికేటప్పుడు మరీ ఉంటుంది. ఒకరోజు నీ ఉత్తరాలన్నీ తీసి పొయ్యి దగ్గర పెట్టుకున్నాను. జూన్ ఉత్తరం మీది మరకని వేలితో తడిమాను. అది నీ నెత్తురని తెలిశాక అంటించలేకపోయాను. నువ్వు గ్లౌజులు తీయించావు, నిజమే. నీ చేతులకీ లేవు కదా.

ఈ ఉత్తరంతో గ్లౌజుల పెట్టె ఒకటి పంపుతున్నాను. పల్చటివి పనికిరావట, వాటిలోంచి ఆ జిగురు దిగిపోతుందట. ఇవి డాక్టరమ్మ చెప్పిన రకం. ఇవి కూడా అరగంటకోసారి మార్చాలట. అసలు మందు ఆ పని మానడమే అంది. మానేసి నా దగ్గరికి వచ్చెయ్యమని అత్తయ్య అంటోంది, ఇస్త్రీ దుకాణంలో మనిషి కావాలట. చర్మం గట్టిగా లేకపోయినా ఫరవాలేదు, పెట్టెకి పిడి ఉంటుంది అంది. ఈ ఇంట్లో ఇన్నాళ్ళకి అదే మొదటి హాస్యం. ఎవరం నవ్వలేదు గానీ విన్నాం.

వస్తావో రావో నీ ఇష్టం. వచ్చినా మనం ముందులా ఉంటామని నేను మాటివ్వలేను. కానీ జవాబు రాసేటప్పుడు చేతులు ఎలా ఉన్నాయో మాటల్లో రాయకు. బాగున్నాయనే రాస్తావు. ఊరికే ఒక పేజీ నింపి పంపు, ఏదైనా సరే. నీ అక్షరాలు నాకు తెలుసు. కాగితం తెల్లగా ఉందో లేదో నేనే వెలుతురుకి పట్టుకుని చూసుకుంటాను.

నీ
పిచ్చుక